నాలుగుసార్లు 'పరిష్కారమైన' నా ఫిర్యాదు గురించి, ఐదోసారి

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం మీదాకా వస్తుందన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. ఇంతకుముందు రాసినవి ఎవరి టేబుల్ మీద ఆగిపోయాయో మీకే తెలియాలి. ఫోన్లో మాట్లాడీ మాట్లాడీ గొంతు పోయింది కాబట్టి మళ్లీ రాస్తున్నాను. గొంతు పాఠం చెప్పుకుని బతికేదానికి గొంతే పోయిందని మా డిపార్ట్‌మెంట్‌లో నవ్వుకుంటున్నారు.

సంగతి చిన్నదే. మా అనాటమీ ల్యాబ్ కోసం మీ దగ్గర కొన్న స్వరపేటిక, గుండె కలిపిన మోడల్‌లో స్వరతంత్రులను కదిలించే రికరెంట్ లారింజియల్ నరాలు రెండూ, గుండెనుంచి బయల్దేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని వంపు కిందనుంచే పైకి తిరిగాయి. ఎడమది అలాగే తిరగాలి. కుడిది అంత కిందికి దిగదు, మెడ మొదట్లోనే, చేతికి రక్తం తీసుకెళ్లే సబ్‌క్లేవియన్ ధమనిని చుట్టుకుని వెనక్కి వచ్చేస్తుంది. ఒక పసుపు తీగను ఊడదీసి సరైన చోట అతికిస్తే అయిపోయే పని. తయారీలో తప్పు దొర్లడం మామూలే, దాన్ని నేను ఎప్పుడో వదిలేశాను. ఆ తర్వాత మీవాళ్లు ఆడించిన ఆట మాత్రం వదల్లేకపోతున్నాను.

మొదటిసారి ఒక అబ్బాయి ఫోన్ ఎత్తాడు. "నరం ఊడిపోయిందా మేడమ్?" అన్నాడు. ఊడలేదు బాబూ, తప్పుచోట గట్టిగా అతుక్కుని ఉంది అన్నాను. అతని కంప్యూటర్లో విరిగింది, భాగం తక్కువైంది, రంగు వెలిసింది అని మూడే కారణాలున్నాయట. నా బాధ ఆ మూడింట్లో ఇమడలేదు కాబట్టి మూడోది నొక్కాడు. రెండు రోజులకు మెసేజ్ వచ్చింది: "మీ రంగు సమస్య పరిష్కారమైంది."

రెండోసారి ఫోటోలు అడిగారు. నరం ఎక్కడ తిరగాలో తెలియాలని సబ్‌క్లేవియన్ ధమని చుట్టూ నల్లదారం కట్టి, ఆరు ఫోటోలు తీసి పంపాను. మోడల్‌కు బయటి వస్తువు కట్టినందున వారంటీ వర్తించదని జవాబు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూడోసారి సూపర్‌వైజర్ దాకా వెళ్లాను. ఆయన ఫోటోలు చూసి, "రెండు వైపులా సమానంగానే ఉంది కదా మేడమ్, లోపం ఎక్కడ?" అన్నారు. గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. తేరుకుని, పిండం దశలో వరుసగా ఏర్పడే ధమని వంపుల్లో, కుడివైపు ఆరోదానిలో ఆ నరాన్ని కిందికి లాగిపెట్టే భాగం కరిగిపోతుందని, అందుకే కుడి నరం పైన నాలుగో వంపుకు తగులుకుంటుందని, ఆ వంపే తర్వాత సబ్‌క్లేవియన్‌లో భాగమవుతుందని మొత్తం చెప్పాను. "చాలా బాగా చెప్తున్నారు మేడమ్, లైన్లో ఉండండి" అన్నారు. ఉన్నాను. పదిహేడు నిమిషాలు మీ సంగీతం విన్నాను. తర్వాత లైన్ కట్.

నాలుగోసారి అడక్కుండానే ఒక పెట్టె వచ్చింది. ఆశగా విప్పితే స్టాండుకు బిగించే రెండు స్క్రూలు.

తీగ అటుంటే ఏమిటి, ఇటుంటే ఏమిటి అనుకుంటున్నారేమో. ఎడమ నరం ఛాతీలోకి దిగుతుంది కాబట్టే, మాట బొంగురుపోయి ఎడమ స్వరతంత్రి కదలడం లేదంటే డాక్టర్లు ఛాతీలో గడ్డ ఉందేమో అని కూడా చూస్తారు. మీ మోడల్ మీద చదువుకున్న మా విద్యార్థిని వైవాలో (నోటి పరీక్షలో) కుడి నరం కూడా బృహద్ధమని కిందికే పోతుందని చెప్పింది. ఎగ్జామినర్ మళ్లీ ఆలోచించుకో అంటే, "మోడల్‌లో అలాగే ఉంది సార్" అంటూ నావైపు చూసింది. ఆ చూపుకు మీ దగ్గర ఏ టికెట్ నంబర్ ఉందో చెప్పండి.

అన్నట్టు మోడల్‌తో ఇచ్చిన కార్డులో స్వరతంత్రులను బిగించే క్రికోథైరాయిడ్ కండరాన్ని కూడా రికరెంట్ నరానికే రాసేశారు. స్వరపేటిక లోపలి కండరాలన్నీ ఆ నరానివే, ఇదొక్కటి తప్ప. దీనికి సుపీరియర్ లారింజియల్ నరం బయటి శాఖ వస్తుంది. గాలెన్ అనే ప్రాచీన వైద్యుడు 2వ శతాబ్దంలోనే అరుస్తున్న పంది మెడలో రికరెంట్ నరాలు కోసి, దాని అరుపు ఆగిపోవడం నలుగురికీ చూపించాడు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఆ కబురు మీ ఫ్యాక్టరీకి చేరలేదు.

పన్నెండేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాం. మీ అస్థిపంజరం మా ల్యాబ్‌లో ఇంకా నిటారుగా నిలబడి ఉంది. వేరే కంపెనీవాళ్లు తక్కువకు ఇస్తామన్నా, "మనకు అలవాటైనవాళ్లు" అని కమిటీలో మీ తరఫున వాదించింది నేనే. దానికి ఇదా మర్యాద?

మోడల్ మారుస్తారో, మనిషిని పంపి తీగ సరిచేయిస్తారో, డబ్బు వెనక్కిస్తారో మీ ఇష్టం. ముందు ఈ ఉత్తరం చదివిన మనిషి ఒకరున్నారని నాకు తెలియాలి. పది రోజులు చూస్తాను. ఆ తర్వాత ఆరు ఫోటోలూ, నాలుగు "పరిష్కారమైంది" మెసేజీలూ పట్టుకుని వినియోగదారుల కోర్టుకు వెళ్తాను. వచ్చే కొనుగోలు కమిటీలో కూడా నేనే మాట్లాడతాను, ఈసారి మీ తరఫున కాదు.

జవాబు రాసి పంపండి. ఫోన్ మాత్రం చేయకండి.

ఇట్లు,
అనాటమీ అధ్యాపకురాలు

తా.క.: ఆ రెండు స్క్రూలు మా స్టాండుకు పట్టలేదు. కొలత వేరు.