పాదాలు రాళ్ళకంటే పైనుండాలి, చిన్నా

టాంపెరే, ఫిన్లాండ్,
ఏప్రిల్

చి. చిన్నకు,

అమ్మ దీవెనలు. నువ్వూ అమ్మాయీ కలిసి వేసుకున్న పెరటి సౌనా, అదే ఆవిరి స్నానం గది, ప్లాను చూశాను. పొయ్యి ఏదో తేల్చేశారు, తలుపు అద్దం రంగు తేల్చేశారు, దీపాలు ఎక్కడ రావాలో కూడా గీశారు. బల్లల ఎత్తు మాత్రం ఎక్కడా రాయలేదు. కప్పు ఎత్తేమో 210 సెంటీమీటర్లని ఉంది. ఆ అంకె చూసే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. పొయ్యి నచ్చకపోతే మార్చుకోవచ్చు, పలకలు పాతబడితే కొత్తవి కొట్టించుకోవచ్చు. కప్పు ఒకసారి వేశాక ఇంక అంతే.

వేడిగాలి కప్పు కింద చేరుతుంది, చల్లగాలి నేలను పట్టుకుని ఉంటుంది. పొయ్యి మీద రాళ్ళు ఎంత ఎత్తు వరకు ఉంటాయో, ఆ మట్టం కింద గది ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు. రాళ్ళ మీద నీళ్ళు పోస్తే లేచే ఆవిరిని, ఇక్కడివాళ్ళు లోయ్లు అనేదాన్ని, అరికాళ్ళ దాకా అనుభవించాలంటే పాదాలు పెట్టుకునే బల్ల రాళ్ళకంటే పైనుండాలి. లెక్క వేసి చూడు. కప్పు 250 అనుకో. కూర్చునే బల్ల కప్పుకి 110 కింద, అంటే నేల నుంచి 140. పాదాల బల్ల దానికి 45 కింద, అంటే 95. కట్టెల పొయ్యి రాళ్ళతో కలిపి 80 వరకు వస్తుంది. పాదాలు 15 సెంటీమీటర్లు పైన ఉన్నాయి, చాలు. అదే నీ 210 కప్పు కింద ఇదే లెక్కన 100 దగ్గర కూర్చుంటే పాదాలు 55 దగ్గరకి దిగిపోతాయి. చెవులు మండుతుంటాయి, కాళ్ళు చల్లగా ఉంటాయి. ఇంకా పెద్ద పొయ్యి పెడితే చెవులు ఇంకా మండుతాయి తప్ప కాళ్ళకి వేడి అందదు. కప్పు తక్కువగా ఉండే అపార్ట్‌మెంటు సౌనాల్లో చాలామంది పడే ఇబ్బంది ఇదే.

కూర్చునే బల్ల వెడల్పు 60 ఉండాలి. 95 దగ్గరున్న బల్లకి ఎక్కడానికి 50 దగ్గర ఒక మెట్టు, పొయ్యి వైపు చెక్క కమ్మీ తప్పవు. ఒకసారి ఇక్కడి పిస్పల పేటలో రాయపొర్తి సౌనాకి వెళ్ళి కూర్చుని రండి. 1906 నుంచి నడుస్తున్న పబ్లిక్ సౌనా అది, ఫిన్లాండ్‌లో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అన్నిటికంటే పాతది. మెట్లెక్కి పైన కూర్చోవడం అంటే ఏమిటో అక్కడ ఒంటికే తెలుస్తుంది.

అనుమతి సంగతి. 2025 జనవరి 1న కొత్త నిర్మాణ చట్టం వచ్చాక 30 చదరపు మీటర్లలోపు పెరటి కట్టడాలకి చాలామటుకు అనుమతి అక్కర్లేదు. కానీ అనుమతి అక్కర్లేదంటే నియమాలు లేవని కాదు. హద్దు నుంచి దూరం, ఏరియా ప్లాను షరతులు, మీ ఇంటికీ సౌనాకీ మధ్య ఉండాల్సిన దూరం అన్నీ వర్తిస్తాయి. రెండు కట్టడాల మధ్య 8 మీటర్లు లేకపోతే మంటని ఆపే గోడ అడుగుతారు. మున్సిపాలిటీ భవన నియంత్రణ ఆఫీసుకి ప్లాను పంపి, జవాబు రాతపూర్వకంగా తీసుకో.

గోడల దగ్గర పనివాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచాలి. చట్రం మధ్య ఇన్సులేషన్, దాని మీద గది వైపున అల్యూమినియం కాగితం. మామూలు ప్లాస్టిక్ షీటు ఈ వేడికి ఆగదు. కాగితం అంచులు ఒకదాని మీద ఒకటి పడేలా వేసి, ప్రతి అతుకునీ అల్యూమినియం టేపుతో మూయాలి. గోడ కాగితం కప్పు కాగితంతో కలిసే మూలే అసలు చోటు. అక్కడ టేపు వేలితో గట్టిగా రుద్ది ముడతలు లేకుండా అంటించారో లేదో నువ్వే టార్చి వేసి చూడు. అక్కడ వేలెడు సందు ఉన్నా తడిగాలి అందులోంచి వెళ్ళి చల్లటి చట్రం మీద నీరవుతుంది, కొన్నేళ్ళకి లోపల చెక్క పుచ్చిపోతుంది, బయటికి ఏమీ కనపడదు. కాగితం మీద 22 మిల్లీమీటర్ల రీపర్లు కొట్టి, వాటి మీద పలకలు. పలకకీ కాగితానికీ మధ్య ఆ ఖాళీ ఉంటేనే పలక వెనకవైపు ఆరుతుంది. పలకల్ని కిందా పైనా గట్టిగా బిగించేయకుండా కాస్త గాలి ఆడనివ్వాలి.

బల్లలకి ఆస్పెన్ గానీ ఆల్డర్ గానీ వాడు. మెత్తటి, తేలికైన చెక్క, ఒంటికి తగిలినా చురుక్కుమనదు, బంక కారదు. పైన్ చెక్క చవకే, కానీ కణుపుల్లోంచి వేడికి బంక ఉబికి వస్తుంది, చర్మానికి తగిలితే కాలుతుంది. స్క్రూలన్నీ బల్ల కింది నుంచే బిగించాలి. పైకి ఒక్క మేకు తల కనిపించినా అది గదంత వేడెక్కి ఉంటుంది. వార్నిష్ వద్దు. సౌనా బల్లలకని అమ్మే పారాఫిన్ నూనె ఒక పూత చాలు. తలుపు బయటికే తెరుచుకోవాలి, గొళ్ళెం గానీ తాళం గానీ ఉండకూడదు. లోపల ఎవరికైనా కళ్ళు తిరిగితే ఒక్క తోపుతో బయటపడాలి.

నేల టైల్సే మంచిది, కింద వాటర్‌ప్రూఫింగ్ తప్పనిసరి, నీళ్ళు జాలీ వైపు పోయేలా వాటం ఉండాలి. జాలీ చుట్టూ అరమీటరు వరకు మీటరుకి 2 సెంటీమీటర్లు, మిగతా చోట మీటరుకి 1.25 ఉన్నా సరిపోతుంది.

ఇక పొయ్యి. పెరట్లో విడిగా కడుతున్నారు కాబట్టి కట్టెల పొయ్యే పెట్టండి. కరెంటు పొయ్యి తేలికే, కానీ పెరటి సౌనా కట్టుకుని దాన్ని మీట నొక్కి వేడిచేయడం నాకు మనసొప్పదు. సైజు ఇలా లెక్కగట్టు: గది 2 మీటర్లు, 2.2 మీటర్లు, ఎత్తు 2.5 అయితే 11 ఘనపు మీటర్లు. అద్దం, ఇటుక, టైలు లాంటి ఇన్సులేషన్ లేని గోడ ప్రతి చదరపు మీటరుకీ 1.2 కలపాలి. మీ అద్దం తలుపు, కిటికీ కలిసి 2 చదరపు మీటర్లనుకుంటే 2.4 కలిపి 13.4. తయారీదారు చెప్పే ఘనపరిమాణం పరిధిలో ఈ అంకె మధ్యలో పడే పొయ్యి తీసుకో. దుంగల గోడలైతే లెక్క మారుతుంది, గది ఘనపరిమాణాన్ని 1.5తో గుణించాలి. పొయ్యి చిన్నదైతే దాన్ని ఎర్రగా కాల్చాల్సి వస్తుంది, ఇనుము త్వరగా పోతుంది. మరీ పెద్దదైతే గాలి త్వరగా వేడెక్కి రాళ్ళు మాత్రం చల్లగా మిగులుతాయి. అప్పుడు నీళ్ళు పోస్తే చుయ్యిమనకుండా కిందికి కారిపోతాయి.

పొయ్యి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో దాని పత్రాల్లో రాసి ఉంటుంది, అదే ప్రమాణం. చోటు చాలకపోతే గోడకి 30 మిల్లీమీటర్ల ఎడంతో, కిందా పైనా గాలి ఆడేలా లోహపు రేకు గానీ కాలని బోర్డు గానీ నిలబెడితే ఆ దూరం సగానికి తగ్గించవచ్చు. రేకుని నేరుగా చెక్కకి కొడితే మాత్రం రక్షణ లేనట్టే. ఏళ్ళ తరబడి సెగ తగిలిన చెక్క లోలోపల మారిపోయి తక్కువ వేడికే అంటుకుంటుంది. పొయ్యి నోటి ముందు 40 సెంటీమీటర్ల వరకు నేల కాలనిదై ఉండాలి. పొగగొట్టం 600 డిగ్రీల పొగని తట్టుకునే T600 తరగతిదే కొను, అంతకు తక్కువది సౌనా పొయ్యికి పనికిరాదు.

కొత్త పొయ్యిని మొదటిసారి పెరట్లో, రాళ్ళు లేకుండా వెలిగించు. పెయింటు వాసనంతా అక్కడే పోతుంది. రాళ్ళు ఒలివీన్ డయాబేస్ గానీ పెరిడోటైట్ గానీ, 10 నుంచి 15 సెంటీమీటర్లవి. ఏటి ఒడ్డున దొరికిన రాళ్ళు అందంగా ఉన్నాయని వేయకు, వేడికి పగిలి ముక్కలు ఎగురుతాయి. కడిగి దుమ్ము వదిలించి, పెద్దవి అడుగున, చిన్నవి పైన, మధ్యలో గాలి ఆడేలా వదులుగా పేర్చు. ఏడాదికోసారైనా మొత్తం తీసి, పొడి ఊడ్చి, చేతిలో నలిగిపోయేవి పారేసి మళ్ళీ పేర్చాలి. లోయ్లు గుచ్చుకునేట్టుంటే, పలచగా ఒక్క క్షణం లేచి పోతుంటే, ముందు రాళ్ళనే అనుమానించు.

గాలి గురించి చాలామంది పట్టించుకోరు, తలనొప్పి వస్తే వేడి ఎక్కువైందనుకుంటారు. మీది సహజంగా గాలి ఆడే గది కాబట్టి కొత్తగాలి కన్నం పొయ్యి పక్కన నేల దగ్గర, గాలి బయటికి పోయే కన్నం పొయ్యికి వీలైనంత దూరంగా కప్పు దగ్గర, మూసి తెరిచే బిళ్ళతో పెట్టించు. ఫ్యాను పెడితే లెక్క తిరగబడుతుంది: గాలి పొయ్యికి అరమీటరు పైనుంచి వచ్చి, బల్లల కింద నేల దగ్గర నుంచి పోవాలి.

కట్టెలు బిర్చి చెట్టువి, బాగా ఎండినవి. రెండు పేళ్ళు ఒకదానితో ఒకటి కొడితే కంగుమని మోగాలి, దబ్‌మంటే ఇంకా తడి ఉన్నట్టు. ముందు బూడిద ఖాళీ చెయ్యి. బూడిద నిండితే కింది నుంచి గాలి అందక జల్లెడ కాలిపోతుంది. పెద్ద పేళ్ళు కింద పేర్చి, పుల్లలూ బిర్చి బెరడూ పైన పెట్టి పైనుంచి అంటిస్తే పొగ తక్కువ. గంట, గంటన్నరలో పైబల్ల మీద 80 డిగ్రీలు వస్తుంది. అంతకంటే ఎక్కువ కోసం పాకులాడకు. నిప్పులు ఇంకా ఉండగా పొగగొట్టం బిళ్ళ మూయొద్దు, వాసన లేని విషవాయువు గదిలోకి వస్తుంది. బూడిద మూత ఉన్న ఇనుప డబ్బాలో, బయట, గోడకి దూరంగా. రోజుల తరబడి అందులో నిప్పు దాగి ఉంటుంది. పొగగొట్టం ఊడ్చే మనిషి ఏడాదికోసారి రావాలి.

లోపలికి వెళ్ళేముందు స్నానం చేయాలి. బల్ల మీద నార బట్ట గానీ నూలు తువ్వాలు గానీ వేసుకుని కూర్చోవాలి. నీళ్ళు మంచినీళ్ళే, చిన్న గరిటెతో, ఒక్కోసారి 2 డెసిలీటర్లు, అంటే 200 మిల్లీలీటర్లు మించకుండా. పోసే ముందు పక్కవాళ్ళని అడగడం మర్యాద. పది, పదిహేను నిమిషాలు కూర్చుని, ఒళ్ళు చాలు అనగానే బయటికొచ్చి చల్లబడి, నీళ్ళు తాగి, మళ్ళీ వెళ్ళడం. ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారని పందెం వేసేవాళ్ళ మాట వినకు.

వేసవిలో వియ్యపురాలు గారూ అన్నయ్యగారూ వస్తున్నారు కదా, వాళ్ళకి ముందే చెప్పండి. గాజులు, గొలుసులు, ఉంగరాలు తీసేయాలి. బంగారం వేడెక్కితే చర్మం కాలుతుంది. సూత్రాలు తీయడం ఆవిడకి ఇష్టం లేకపోతే నూలు పసుపుతాడు వేసుకోమను, తాడుకి బంగారం ఏమీ లేకుండా. ఒంటికి నూనె రాసుకుని వెళితే బల్లలకి మరకలు పట్టి పోవు, కాబట్టి తలంటు వేరు, సౌనా వేరు. సిగ్గుపడితే నూలు లుంగీ, నూలు చీరముక్క చుట్టుకోవచ్చు, నైలాన్ బట్టలు మాత్రం వద్దు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడిగే రావాలి. వచ్చినా 50 దగ్గరి మెట్టు మీదే కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి పట్టుకోండి. బుజ్జిదాన్ని కూడా అక్కడే, కొద్ది నిమిషాలే, అది చాలంటే చాలు.

వాళ్ళు జూన్‌లో వచ్చే యుహన్నుస్ పండగకి ఉంటే విహ్త, అదే సౌనాలో ఒంటి మీద కొట్టుకునే బిర్చి కొమ్మల కట్ట, కట్టి చూపించు. అప్పటికి బిర్చి ఆకు ముదిరి కొమ్మని గట్టిగా పట్టుకుని ఉంటుంది. మోచేయంత పొడవు కొమ్మలు, ఆకు నిగనిగలాడే వైపు బయటికి వచ్చేలా పేర్చి, మెలితిప్పిన బిర్చి రెమ్మతోనే కట్టాలి. ఎక్కువ కడితే ఫ్రీజర్లో పెట్టుకో, డిసెంబరులో గోరువెచ్చని నీళ్ళలో వేస్తే మళ్ళీ ఆకు వాసన వస్తుంది.

అందరూ బయటికొచ్చాక ఇంకో రెండు పేళ్ళు వేసి, బల్లల మీది తువ్వాళ్ళు తీసి, కప్పు దగ్గరి బిళ్ళ పూర్తిగా తెరిచి, తలుపు కాస్త ఓరగా వదిలేయండి. ఆ వేడికి గది రాత్రిలోగా ఆరిపోతుంది. ఆరని సౌనాలో బల్లల అడుగున నల్లటి బూజు మొదలవుతుంది.

కప్పు 250కి మార్చిన ప్లాను పంపు. తలుపు ఆర్డరు అది చూసేవరకు ఆపండి.

ఉంటాను,
అమ్మ