షార్ట్ సర్క్యూట్ అని రాసేస్తే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన ‘నడిరోడ్డుపై కారు దగ్ధం’ వార్త గురించి ఈ ఉత్తరం. తర్వాత ఏమైనా వివరాలు వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. వేయలేదు. ‘షార్ట్ సర్క్యూటే కారణమని భావిస్తున్నారు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. ఏటా ఎండాకాలంలో ఇదే వాక్యం చదువుతున్నాం. ఆ షార్ట్ సర్క్యూట్ ఎందుకైంది, ఎవరి పని వల్ల అయింది అని అడిగే నాథుడే లేడు.

ఏ కార్ డెకార్స్ షాపు ముందైనా కాసేపు నిలబడితే సగం సంగతి తెలిసిపోతుంది. కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బు పీకేసి 100/90 వాట్లది పెడతారు. వైరు మాత్రం పాతదే. మ్యూజిక్ సిస్టమ్ కోసమైతే కుర్రాడు పంటితో వైరు తొక్క ఒలిచి, రెండు కొసలూ మెలేసి, నల్ల టేపు చుట్టేస్తాడు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే 15 ఆంపియర్ల చోట 30 ఆంపియర్లది గుచ్చుతాడు. లోడు ఎక్కువైనప్పుడు ఫ్యూజు పోవాలి, అందుకే అది ఉన్నది. అది పోకపోతే కాలేది వైరే. పక్కనే పెట్రోల్ పైపు పగుళ్లిచ్చి కారుతుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఎలుకలు కొరికిన వైర్లు, వేడి సైలెన్సర్ పైపు మీద పడే ఇంజిన్ ఆయిల్, ఎక్కడపడితే అక్కడ బిగించే సీఎన్జీ కిట్లు సరేసరి.

ఇవేవీ రవాణా శాఖకు కనపడవా? హెల్మెట్ లేకపోతే ఫొటో తీసి చలానా పంపుతారే, ఆ పట్టుదల ఇక్కడ ఏమైంది? సొంత కారుకు పదిహేనేళ్ల దాకా ఫిట్‌నెస్ అడిగేవాళ్లే లేరు. 2013 అక్టోబరులో పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్లీ అదే ఘోరం. అప్పుడు నాలుగు రోజులు తనిఖీలు చేశారు, బస్సులు సీజ్ చేశారు. ఆ తర్వాత అంతా మామూలే.

2019లో మోటారు వాహనాల చట్టానికి 110ఎ సెక్షన్ చేర్చారు. ఒక మోడల్‌లో లోపం ఉందని తగినంత మంది ఫిర్యాదు చేస్తే, ఆ బళ్లను వెనక్కి పిలిపించమని కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. కానీ మంట ఎక్కడ పుట్టిందో కాగితం మీద లేకపోతే తప్పు కంపెనీదా, షాపువాడిదా, ఓనరుదా అన్నది ఎలా తేలుతుంది? కాలిన బండిని క్రేన్‌తో లాక్కెళ్లి పోలీస్ స్టేషన్ ఆవరణలో పడేస్తారు, అది అక్కడే తుప్పు పడుతుంది.

అగ్నిమాపక, రవాణా శాఖలు కలిసి కాలిన ప్రతి బండినీ పరీక్షించి, ఆ నివేదిక జనానికి తెలిసేలా పెట్టాలి. మీ విలేకరులు కూడా బండి మోడల్ ఏది, ఎన్నేళ్లది, బయట వైరింగ్ చేయించారా అన్నవి అడిగి వార్తలోనే రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, సూర్యాపేట