సాధనకు వచ్చిన విద్యార్థి దగ్గరా షూటింగు రుసుమేనా?

సంపాదకులకు,

అయ్యా,

నేను సికింద్రాబాద్‌లో 30 ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపి, ఇప్పుడు ఆ పని చాలావరకు తగ్గించుకున్నవాణ్ని. మా అమ్మాయి నగరంలోని ఒక కళాశాలలో ఫొటోగ్రఫీ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. తరగతిలో ఇచ్చిన అభ్యాసం కోసం గత నెలలో ఒక సాయంత్రం ఆమె, మరో ఇద్దరు సహాధ్యాయులు ఒక ఉద్యానవనానికి ప్రవేశ టికెట్లు కొనుక్కొనే వెళ్లారు. స్టాండు విప్పి కెమెరా బిగించేలోగా కాపలాదారు వచ్చి, ఇది షూటింగు కిందికి వస్తుందనీ, రుసుము కట్టకపోతే బయటికి వెళ్లిపోవాలనీ అన్నాడు. ఎంత కట్టాలో అతనికీ తెలియదు. కార్యాలయంలో అడిగితే, పెళ్లికి ముందు జంటలు తీయించుకునే షూట్లకు నిర్ణయించిన మొత్తాన్నే చెప్పారు. కళాశాల గుర్తింపు కార్డు చూపినా ఫలితం లేకపోయింది. వీళ్లు మెట్ల మీద నిలబడి బతిమాలుకుంటున్నంతసేపూ చుట్టూ పదులకొద్దీ జనం సెల్‌ఫోన్లతో అదే దృశ్యాన్ని తీసుకుంటూనే ఉన్నారు, వారినెవరూ పలకరించలేదు.

సాధన షూట్ అంటే తెలియనివారికి అది కాలక్షేపంగా కనిపించవచ్చు. మా అమ్మాయికి మొదటి ఏడాది ఇచ్చిన పని, ఒకే ఒక్క 50 మిల్లీమీటర్ల లెన్సుతో, జూమ్ అన్నది లేకుండా, ఒకే వీధిని తెల్లవారగానే ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి తీసుకురావడం. దగ్గరగా కావాలంటే తానే నడిచి దగ్గరికి వెళ్లాలి. ఆ తరువాత గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లి మల్లెపూల గుట్టలు తీసుకొచ్చింది. ఫొటోలో మల్లెలన్నీ బూడిద రంగుకు తిరిగి ఉన్నాయి. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు తన ఎదుట ఉన్నదేదైనా నడిమి రకం బూడిద వన్నెదే అనుకుని లెక్క వేస్తుందనీ, అందుకే తెల్లని వస్తువును మసకబారుస్తుందనీ, నల్లని బొగ్గును వెలవెలబోయేలా చేస్తుందనీ, మల్లెలు మల్లెల్లా రావాలంటే మీటరు చెప్పినదానికన్నా ఒకటి, ఒకటిన్నర స్టాపుల (ఒక స్టాపు పెంచడమంటే వెలుగును రెట్టింపు చేయడం) వెలుగు ఎక్కువ ఇవ్వాలనీ పాఠ్యపుస్తకంలో ఉన్నదే. ఆమె అది చదివింది, పరీక్షలో రాసింది కూడా. కానీ అది ఆమె చేతికి అబ్బింది మూడోసారి మార్కెట్‌కు వెళ్లి వచ్చాకనే.

స్టాండు సంగతీ అలాంటిదే. 50 మిల్లీమీటర్ల లెన్సును చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టరు సెకనులో యాభయ్యో వంతుకు మించి తెరిచి ఉండకూడదన్నది మా వృత్తిలో పాత లెక్క. సూర్యుడు దిగిపోయాక, వెలుగుకు కెమెరా స్పందించే చురుకుదనాన్ని, అంటే ఐఎస్‌ఓను, 100 దగ్గరే ఉంచి, ముందున్న మెట్టు నుంచి వెనకున్న గోపురం దాకా అంతా స్పష్టంగా రావాలని లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, చిన్నది చేస్తే, షట్టరు ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉండాల్సి వస్తుంది. అంతసేపు కదలకుండా పట్టుకోగల చెయ్యి ఏ మనిషికీ లేదు. ఆ వేళ స్టాండు పట్టుకెళ్లిన పిల్లను వ్యాపారానికి వచ్చిందనడం, పలకా బలపం పట్టుకెళ్లిన పిల్లను దస్తావేజులు రాసేవాడనడం లాంటిది.

మా రోజుల్లో రీలుకు 36 ఫొటోలు. రీలు ఖరీదు, కడిగించే ఖర్చు, ప్రింటు ఖర్చు లెక్క చూసుకుని ఒక్కొక్క క్లిక్ కొట్టేవాళ్లం. ఏ ఫొటో ఏ షట్టరుకు తీశామో చిన్న పుస్తకంలో రాసుకుని, ప్రింట్లు చేతికొచ్చాక పక్కన పెట్టి పోల్చుకునేవాళ్లం. ఇప్పుడా వివరాలన్నీ కెమెరాయే ఫొటోతో పాటు భద్రపరుస్తోంది. పిల్లలు వాటిని తిరిగి చూడరన్నది నా ఫిర్యాదు, కానీ అది మా ఇంట్లో రోజూ ఉండే గొడవ గనుక ఇక్కడ వదిలేస్తాను.

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరై, మా సికింద్రాబాద్‌లో స్టూడియో నెలకొల్పిన రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ కెమెరా పని నేర్చుకున్నవాడు. కోటలూ గుళ్లూ తిరిగి గాజు పలకల మీద ఫొటోలు తీసిన ఆ కాలపు పెద్ద కెమెరాను స్టాండు లేకుండా నిలబెట్టడమే అసాధ్యం. ఈ నగరం ఆయన పేరు గర్వంగానే చెప్పుకుంటుంది.

నిబంధనలే వద్దని నేను అనడం లేదు. చార్మినార్, గోల్కొండ వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల దగ్గర స్టాండు పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అది కట్టడాల క్షేమం కోసమే గనుక విద్యార్థులూ పాటించవలసిందే. దుస్తులు మార్చుకునే గుడారాలు, లైట్లు, పొగ యంత్రాలు తెచ్చి సగం తోటను ఆక్రమించే షూట్ల దగ్గర రుసుము వసూలు చేయడమూ న్యాయమే. నేనే అలాంటి షూట్లు చేశాను, కట్టాను. నా అభ్యంతరమంతా, ముగ్గురు విద్యార్థులు ఒక కెమెరా, ఒక స్టాండుతో వచ్చి, ఎవరికీ అమ్మని ఫొటోలు తీసుకుంటే దానిని కూడా అదే ఖాతాలో వేయడం మీదనే.

విద్యార్థుల వైపు తప్పులు లేవనీ అనను. ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్నవారిని, పసిబిడ్డకు పాలిస్తున్న తల్లిని అడగకుండా తీసి, దానిని వీధి ఫొటోగ్రఫీ అని చెప్పుకునే పిల్లల్ని నేను చూశాను. మా అమ్మాయినీ ఒకసారి మందలించాను. పూల మార్కెట్‌లో తాను తీసిన ఒక పెద్దావిడకు మరుసటి వారం ప్రింటు తీసుకెళ్లి ఇచ్చింది. ఆ తరువాత అక్కడ ఆమె కోసం గుట్టల మధ్య దారి వదిలేవారట. ఈ మర్యాదను కళాశాలలు కూడా పాఠంగా చెప్పాలి.

సంబంధిత శాఖల అధికారులకు నా విన్నపం పెద్దదేమీ కాదు. నగరంలోని ఉద్యానవనాలు, చెరువు గట్లు, ప్రభుత్వ నిర్వహణలోని చారిత్రక ప్రదేశాల ముఖద్వారాల దగ్గర, విద్యార్థుల సాధనకు ఏయే వేళల్లో అనుమతి ఉంది, స్టాండు వాడవచ్చా లేదా, కళాశాల ఇచ్చే లేఖ సరిపోతుందా, రుసుము ఉంటే ఎంత అన్నది తెలుగు, ఉర్దూ భాషల్లో బోర్డు మీద రాయించండి. అనుమతి లేదనే రాసినా ఫరవాలేదు, పిల్లలు బస్సు దిగాక కాకుండా ముందే తెలుసుకుంటారు. కాపలాదారుకూ తన సొంత తీర్పు చెప్పవలసిన ఇబ్బంది తప్పుతుంది.

మా అమ్మాయి ఆ సాయంత్రపు ఫొటో ఇంకా సమర్పించలేదు. ప్రిన్సిపాల్ సంతకంతో లేఖ తీసుకుని వచ్చే శనివారం మళ్లీ అక్కడికే వెళుతోంది, ఈసారి జవాబు ఏదైనా సరే కాగితం మీద రాసివ్వమని అడుగుతుంది.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
సికింద్రాబాద్