స్టీల్‌హెడ్ ఫ్లై ఫిషింగ్ విభాగం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. స్టీల్‌హెడ్ అంటే సముద్రం నుంచి నదుల్లోకి వచ్చే ట్రౌట్ చేప. దాన్ని ఈకలు, దారాలతో కట్టిన కృత్రిమ ఎర (ఫ్లై)తో పట్టడమే మన విభాగం పని.

సియాటిల్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్ల కోసం నడుస్తున్న ఈ విభాగంలో, ఈ ఏడాది ఎక్కువ సమయం రెండు చేతుల రాడ్డుతో కాస్టింగ్, అంటే లైను విసరడం, నేర్పడానికే పోయింది. సాధనంతా నీళ్లలో నిలబడే చేయించాం. స్పే కాస్టుకు, అంటే లైనును పూర్తిగా వెనక్కి విసరకుండానే ముందుకు వేసే పద్ధతికి, లైను చివరను నీరు పట్టి ఉంచాలి, పచ్చిక మీద ఆ పట్టు దొరకదు.

కొత్తవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది రాడ్డుకు కుదరని లైను. 13 అడుగుల 7 వెయిట్ రాడ్డుకు (వెయిట్ అంటే రాడ్డు మోయగల లైను బరువును చెప్పే అంకె) 500 నుంచి 540 గ్రెయిన్ల స్కాజిట్ హెడ్, అంటే లైను ముందుండే పొట్టి, బరువైన భాగం, సరిపోతుంది. గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాములు. దాని ముందు 10 అడుగుల టి-11 సింక్ టిప్ (నీటిలో మునిగే లైను కొన), అంటే అడుగుకు 11 గ్రెయిన్ల బరువు. ఆపైన లీడరు (టిప్‌కూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారం) 3, 4 అడుగులు దాటకూడదు. పొడవైతే టిప్ మునిగినా ఫ్లై పైకి తేలిపోతుంది.

విసిరే ముందు నీరు పట్టి ఉంచే లైను చివరే యాంకర్. దాన్ని ఏ పక్క వేయాలో గాలే చెబుతుంది. గాలి ఎగువకు వీస్తే యాంకర్ ఎగువ వైపు, దిగువకు వీస్తే దిగువ వైపు. తిరగేస్తే కొక్కెం మన మొహం మీదికే వస్తుంది. అందుకే కళ్లద్దాలు లేనివారిని నీళ్లలోకి దిగనివ్వలేదు. స్పే కాస్టుల్లో ఒకటైన డబుల్ స్పేలో అందరూ తడబడింది స్వీప్ దగ్గరే, అంటే రాడ్డును పక్కగా వెనక్కి తిప్పేటప్పుడే. తొందరపడి లాగినా, మధ్యలో రాడ్డు కొన ఎత్తినా యాంకర్ నీటిలోంచి ఊడి వెనక్కి ఎగిరిపోతుంది. స్వీప్ నెమ్మదిగా మొదలుపెట్టి, ఒకే వేగంతో తిప్పి, డి-లూప్ (మన వెనక D ఆకారంలో వంగే లైను) నిండాక కింది చేతిని పొట్ట దగ్గరికి లాగాలి. పై చేత్తో తోస్తే లైను ముందు కుప్పగా పడుతుంది. దూరం కోసం ఆరాటం వద్దు. చేప తరచుగా ఒడ్డుకు దగ్గరగా, మనిషి నడక వేగంతో పారే నీటిలోనే ఉంటుంది.

చలికాలం ఫ్లైలు కట్టే తరగతుల్లో ఇంట్రూడర్ అనే పొడవైన ఈకల ఫ్లై మీదే కూర్చున్నాం. 40 మిల్లీమీటర్ల షాంక్ (కొక్కెం లేని లోహపు కడ్డీ) తీసుకుని, 30 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ (అల్లిన దారం)ను లూపుగా మడిచి దాని మీద దారంతో గట్టిగా చుట్టి, జిగురు వేస్తాం. ఆ లూపుకు తగిలించే వెనక కొక్కెం ఈకల చివరి దాకానే రావాలి. లూపు పొడవైతే మెత్తబడి వేలాడి ఫ్లైకే చుట్టుకుంటుంది, చేప గొంతులో లోతుగా దిగే ప్రమాదమూ పెరుగుతుంది. ఈకల కింద చిన్న డబ్బింగ్ (మెత్తటి పీచు) ఉండ పెడితే అవి షాంక్‌కు అంటుకోకుండా విప్పారి ఉంటాయి. ఆస్ట్రిచ్ ఈక పోగులు పది, పన్నెండు చాలు. గుబురుగా కడితే నీరు పీల్చి బరువెక్కి కాస్టును చెడగొడుతుంది. కొక్కెం ముల్లును (మొన వెనక ఎదురు తిరిగి ఉండే చిన్న కొసను) ప్లయర్లతో నొక్కేయడం చివరి పని. అది మరిచిన ఫ్లై పెట్టెలోకి వెళ్లకూడదు.

చేప కరిచిన క్షణంలో రాడ్డు పైకి లేపకండి. లైను లాగుకుని అది తిరిగేదాకా ఆగి, రాడ్డును కిందుగా మన ఒడ్డు వైపు తిప్పితే కొక్కెం దవడ మూలలో పడుతుంది.

సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యుగెట్ సౌండ్‌కు చెందిన స్టీల్‌హెడ్‌ను అమెరికా ప్రభుత్వం 2007లో ముప్పున్న జాతిగా ప్రకటించింది. గోదావరికి పులస వచ్చినట్టు ఇదీ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతుంది. పసిఫిక్ సాల్మన్‌లా గుడ్లు పెట్టాక తప్పనిసరిగా చనిపోదు, కొన్ని మళ్లీ సముద్రానికి వెళ్లి తిరిగొస్తాయి. వదిలిన ప్రతి ఆడచేపకూ విలువ అందుకే. తోకకు ముందు వీపు మీది చిన్న రెక్క కత్తిరించకుండా ఉంటే అది పెంపక కేంద్రంలో కాక సహజంగా పుట్టిన చేపగా లెక్క. దాన్ని నీటిలోంచి పూర్తిగా ఎత్తడం వాషింగ్టన్ రాష్ట్ర నిబంధనలకు విరుద్ధం. చేతులు తడిపి, ముడుల్లేని వలలోనే ఉంచి కొక్కెం తీయండి. పైకెత్తి తీసిన ఫొటోలను ఇకపై గ్రూపులో పెట్టనివ్వం.

స్కాజిట్ నదిలో వసంతకాలపు సీజన్ కొన్నేళ్లు మూసి ఉండి 2018లో తెరుచుకుంది. ఏటా తెరుస్తారన్న హామీ లేదు. బయల్దేరే ముందు రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ తాజా నిబంధనలు చూసుకోండి.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో పెడతాం. అరువు తీసుకున్న సింక్ టిప్‌లను కడిగి, ఆరబెట్టి, బరువు రాసిన చీటీతో సహా అప్పటికి తెచ్చివ్వగలరు.

– కార్యవర్గం