దాచిన పాత కంప్యూటర్ల లోపలి బ్యాటరీ సంగతి

సంపాదకుడు గారికి,

నమస్కారం. బడుల్లో, గ్రంథాలయాల్లో, కార్యాలయాల సామాన్ల గదుల్లో, ఇళ్లలోని అటకల మీద పాత కంప్యూటర్లు ఎన్నో పడి ఉంటాయి. వాటిని దాచినవారిలో చాలామందికి లోపల ఒక చిన్న బ్యాటరీ ఉందన్న సంగతే తెలియదు. ఏళ్ల తరబడి పాత యంత్రాలను బాగుచేస్తున్న నాకు ఇది బాధ కలిగించే విషయం.

1984లో వచ్చిన ఐబీఎం కంపెనీ కంప్యూటరు పీసీ ఏటీతో ఈ ఏర్పాటు స్థిరపడింది. కరెంటు లేనప్పుడు గడియారం నడవడానికి, హార్డ్ డిస్కు ఎలాంటిదో వంటి వివరాలు గుర్తుండడానికి బ్యాటరీ అవసరమైంది. ఆ యంత్రంలో వీటన్నింటికీ కలిపి ఉన్న చోటు 64 బైట్లే, అంటే 64 ఇంగ్లీషు అక్షరాలు పట్టేంత.

అయితే అన్ని బ్యాటరీలూ ఒకేలా చావవు. ఇప్పటికీ వాడుకలో ఉన్న బిళ్ల బ్యాటరీ, అంటే సీఆర్2032, అయిపోతే చాలావరకు తేదీ, సెట్టింగులు పోతాయి, అంతే. తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోవడంతో వెబ్‌సైట్లు తెరుచుకోక, యంత్రమే పాడైందనుకుని పక్కన పడేస్తారు. ఇంకా పాత వాటిలో హార్డ్ డిస్కు కొలతలు చెరిగిపోయి, డిస్కు లేనట్టే చూపిస్తుంది. అందులోని సమాచారం మాత్రం చెక్కుచెదరదు. చాలా డిస్కుల మీద అంటించిన చీటీలోనే ఆ అంకెలు ఉంటాయి. వాటిని తిరిగి నమోదు చేస్తే డిస్కు మళ్లీ పలుకుతుంది. ఇది తెలియక ఎవరెవరి రాతలు, లెక్కలు చెత్తలో కలిసిపోయాయో!

రెండో రకం ప్రమాదకరమైనది. 386, 486 అనే పాత ప్రాసెసర్ల కాలపు మదర్‌బోర్డుల (కంప్యూటరులోని ప్రధాన సర్క్యూట్ పలకల) మీద చిన్న పీపా ఆకారంలో, 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీని టంకం వేసి బిగించేవారు. ఏళ్లు గడిచాక అది కారుతుంది. ఈమధ్య నా దగ్గరకు వచ్చిన ఒక 486 యంత్రాన్ని దాని యజమాని గుడ్డ కప్పి, దుమ్ము సోకకుండా, ఎంతో ప్రేమగా దాచుకున్నారు. మూత తీస్తే బోర్డు మూలంతా ఆకుపచ్చ చిలుము. ఆ బ్యాటరీని తరచుగా కీబోర్డు తగిలించే చోటు పక్కనే పెట్టేవారు కాబట్టి మొదట కీబోర్డు పనిచేయడం మానేస్తుంది. ఆ తర్వాత సన్నని రాగి దారులు ఒక్కొక్కటిగా తెగిపోతాయి. యంత్రాన్ని వాడకపోయినా ఇది ఆగదు. ఆ బోర్డును నేను నిలబెట్టలేకపోయాను.

కారేది ఆమ్లమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది క్షారం. అందుకే ముందు కొద్దిగా వెనిగర్‌తో దాని ఘాటు తీసి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆ పీపా తీసిన చోట బిళ్ల బ్యాటరీని నేరుగా అతికించకూడదు. బోర్డు దాన్ని చార్జి చేయబోతుంది, అది చార్జికి తగినది కాదు. కనీసం ఒక డయోడ్, అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం, అడ్డం పెట్టాలి. యాపిల్ వారి పాత మాకింటోష్ కంప్యూటర్లలోని అర డబుల్ ఏ (మామూలు పెన్సిల్ సెల్లులో సగం పొడవున్న) లిథియం బ్యాటరీలూ ఏళ్లు గడిచాక పగిలి బోర్డులను తినేశాయి.

తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి, కాడ్మియం విషం. బిళ్ల బ్యాటరీలను పిల్లలకు అందనివ్వకండి. మింగితే రెండు గంటల్లోనే గొంతులో తీవ్రమైన గాయాలవుతాయి.

సంస్థల అధికారులకు నా విన్నపం ఒకటే. పాత యంత్రాన్ని సామాన్ల గదికి పంపేముందు సెట్టింగులు కాగితం మీద రాయించి, ఆ తర్వాత ప్లగ్గు పీకించి, మూత తీయించి చూడండి. బ్యాటరీ తీయించి, ఆ కాగితాన్ని పెట్టె లోపలే అంటించండి. పావుగంట పని. ఇప్పటికే సామాన్ల గదిలో ఉన్నవాటికైతే ఈ వారమే మొదలుపెట్టండి. తయారీదారులు కూడా బ్యాటరీని టంకంతో అతికించకుండా, చేత్తో తీసి పెట్టుకునే గూటిలో ఉంచాలి.

ఇట్లు,
పాత కంప్యూటర్లు బాగుచేసే ఒక పాఠకుడు