గడియ విరగ్గొట్టినవాణ్ని కొడితే నేరమా?

సంపాదకులకు,

అయ్యా,

దొంగను కొట్టిన ఇంటాయన మీదే కేసు పెట్టారన్న వార్త పోయిన వారం మీ తిరుపతి ఎడిషన్‌లో చదివాను. ‘చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవద్దు’ అన్న పోలీసు అధికారి మాటతో వార్త ముగించేశారు. అసలు చట్టంలో ఏముందో ఒక్క ముక్కైనా రాయక్కర్లేదా?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లన్నీ ఆత్మరక్షణ గురించే. పాత ఐపీసీలోనూ ఉన్నవే. ప్రాణం తీస్తాడన్న భయానికి ఆధారం ఉంటే, మానభంగానికో యాసిడ్ దాడికో తెగబడితే, ఎదుర్కోవడంలో వాడు చచ్చినా నేరం కాదంటుంది 38. పొద్దుగూకాక తెల్లారేలోపు తలుపు బద్దలుకొట్టి దూరినవాడి విషయంలో 41 కూడా అదే మాట. హద్దులు 37లో ఉన్నాయి. అవసరానికి మించి కొట్టకూడదు, పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే పిలవాలి. పారిపోయేవాణ్ని వెంటాడి స్తంభానికి కట్టి చావబాదడం ముమ్మాటికీ నేరమే.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. నిరుడు వేసవిలో అర్ధరాత్రి వంటింటి తలుపు గడియ విరగ్గొట్టి గడ్డపారతో లోపలికొచ్చినవాణ్ని, గోడకానించిన రోకలి తీసుకుని మోచేతి మీద ఒక్క దెబ్బ వేశారు. తెల్లారాక ఆయన్నే స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టి, ‘112కి ఫోన్ చేయొచ్చుగా, ఎందుకు కొట్టావ్?’ అని మధ్యాహ్నం దాకా అడిగారు. షుగర్ మాత్ర వేసుకోవడానికి కూడా ఇంటికి పంపలేదు. గడ్డపార ఎత్తినవాడు ఎదురుగా నిలబడితే ఫోన్ ఎక్కడ వెతుక్కోవాలి? ప్రాణం మీదికొచ్చినవాడు దెబ్బదెబ్బకూ లెక్కగట్టి ఎదుర్కోవాలనడం కుదరదని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది.

‘అవన్నీ కోర్టులో చెప్పుకో’ అన్నారట. ఆత్మరక్షణ అని చూపించాల్సిన భారం నిందితుడిదే, నిజమే. కానీ విరిగిన గడియ, కింద పడిన గడ్డపార పంచనామాలోకి ఎక్కించాల్సింది పోలీసులు కదా! అవి ఎక్కకపోతే ఆయన కోర్టులో ఏం చూపిస్తాడు?

ఊరెళ్లేటప్పుడు, తాళం వేసిన ఇంటిపై పోలీసులు నిఘా ఉంచే ఎల్‌హెచ్‌ఎంఎస్ కెమెరా పెట్టించుకోమంటారు. మరి ఇంట్లో మనుషులుండగా దూరితే? సిబ్బందంతా వీఐపీల వెంట, కొండ మీద బందోబస్తుకు పోతే మా సందుల్లో రాత్రి బీటు ఎవరు తిరుగుతారు? వీధిలైట్లు వెలగవు, ఎవరినడిగినా మా పని కాదంటారు. పన్ను నోటీసు మాత్రం తప్పకుండా వస్తుంది.

ఇంటాయన మీద ఎఫ్‌ఐఆర్ రాసే ముందు సీఐ స్థాయి అధికారి స్వయంగా ఆ ఇంటికెళ్లి తలుపు చూసి రావాలని ఎస్పీ గారు ఆదేశించాలి. మీరు కూడా ఆ 37, 38, 41 సెక్షన్లను పూర్తిగా తెలుగులో అచ్చు వేయండి.

– ఒక పాఠకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి