ఆ వంద గజాల పరుగు

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో "కోడిగుడ్డు లాంటి బంతి కోసం హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకుంటారు, అదీ ఒక ఆటేనా" అని వెక్కిరించావు కదా, అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇదిగో, ఇప్పుడు చెప్తున్నా. టీ పెట్టుకుని కూర్చో, కాస్త పెద్ద ఉత్తరమే.

ఈ పిట్స్‌బర్గ్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ వస్తే ఆదివారం ఊరంతా నలుపూ పసుపే. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడిలో ప్రసాదం లైన్లో కూడా మా ఊరి టీమ్ స్టీలర్స్ చొక్కా వేసుకున్న మనవాళ్లు కనిపిస్తారు. మొదట్లో నాకూ నీలాగే చిరాకు. నన్ను మార్చింది జేమ్స్ హారిసన్ అనే ఒకే ఒక్కడు. చొక్కా నంబరు 92.

ఆట రూల్సన్నీ చెప్పి నీ బుర్ర తినను. బంతి విసిరేవాణ్ని క్వార్టర్‌బ్యాక్ అంటారు. వాడు విసిరేలోపే మీద పడి పడగొడితే అది సాక్. కూతకొచ్చినవాణ్ని గీత అందకుండా పట్టేస్తే మనకెంత మజా, అంత మజా అన్నమాట. హారిసన్ పనే అది, లైన్‌బ్యాకర్.

పుట్టింది 1978లో, ఒహాయోలోని ఆక్రన్లో. కెంట్ స్టేట్ కాలేజీలో ఆడాడు. ఇక్కడ ఏటా డ్రాఫ్ట్ అని జరుగుతుంది, మన ఐపీఎల్ వేలంలాగా, కాకపోతే డబ్బు పాట ఉండదు, టీములు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకుంటాయి. 2002లో ఇతన్ని ఒక్క టీమూ ఎంచుకోలేదు. ఆరడుగుల మనిషి, మన ఊళ్లో అయితే తలెత్తి చూస్తాం, అక్కడ ఆ స్థానానికి పొట్టివాడట! స్టీలర్స్ వాళ్లు ఊరికే చేర్చుకున్నారు, తీసేశారు, మళ్లీ పిలిచారు, మళ్లీ తీసేశారు. బాల్టిమోర్ వాళ్లు తీసుకుని జర్మనీలో ఆడే ఓ టీముకు పంపి, తిరిగొచ్చాక వాళ్లూ పొమ్మన్నారు. చివరికి లారీ నడుపుకుందామా అనుకునే దాకా వచ్చాడు. 2004లో స్టీలర్స్ ఆటగాడొకడు బరువులెత్తుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, దాంతో ఇతనికి మళ్లీ పిలుపు. అదే ఏడాది క్లీవ్‌లాండ్‌లో ఆట మొదలుకాకముందే స్టీలర్స్ వాడే జోయీ పోర్టర్ గొడవపడి బయటికెళ్లాల్సి వచ్చింది, ఆ చోట్లో ఇతను మొదటిసారి మొదటినుంచీ ఆడాడు. ఒకరి చెయ్యి, ఇంకొకరి కోపం, వీడికి బతుకుతెరువు!

2008కల్లా 16 సాకులు కొట్టి ఆ ఏడాది లీగ్ మొత్తానికి ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనివాడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. సరే, అవార్డులు వదిలెయ్.

అసలు కథ 2009 ఫిబ్రవరి 1, టాంపాలో జరిగిన లీగ్ ఫైనల్, సూపర్‌ బౌల్. స్టీలర్స్ 10, అరిజోనా కార్డినల్స్ 7. మొదటి సగం అయిపోవడానికి 18 సెకన్లు. అరిజోనా వాళ్లు బంతి దాటిస్తే పాయింట్లొచ్చే గీతకు ఒక్క గజం దూరంలో ఉన్నారు. గజమంటే మనం స్థలాలు కొలిచే గజమేరా, అంత దగ్గర. కోచ్‌లు చెప్పిన ప్లాన్ ప్రకారం హారిసన్ క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకాలి. దూకబోతున్నట్టు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. బంతి లోపలికే వస్తుందని సొంతంగా అంచనా వేసుకుని వెనక్కి జరిగాడు. అరిజోనా క్వార్టర్‌బ్యాక్ కర్ట్ వార్నర్ ఇతన్ని చూడకుండా విసిరాడు, బంతి సరిగ్గా వీడి చేతుల్లో పడింది. ఇక పరుగు. 110 కిలోలకు దగ్గరున్న మనిషి, గీత పక్కనుంచి, దారిలో అడ్డొచ్చినవాళ్లను సొంత టీమువాళ్లు ఒక్కొక్కణ్నీ పడేస్తుంటే, వంద గజాలు. మధ్యలో టైమ్ అయిపోయింది. అంటే చివర్లో ఒక్క గజం ముందు పడిపోయినా సున్నా పాయింట్లు, హాఫ్ టైమ్! అరిజోనా ఆటగాడు ఫిట్జెరాల్డ్ వెంటపడి గీత దగ్గర అందుకున్నాడు, అందరూ కుప్పగా కూలారు. హారిసన్ అక్కడే పడుకుండిపోయాడు, లేవలేక. తర్వాత ఆక్సిజన్ పెట్టారు. చివరికి స్టీలర్స్ గెలిచింది 27-23, నాలుగే పాయింట్ల తేడా, ఆ పరుగే లేకపోతే ఏమయ్యేదో లెక్క నువ్వే వేసుకో.

అలాగని వీణ్ని దేవుణ్ని చెయ్యకు. అదే ఆటలో నాలుగో క్వార్టర్లో కింద పడ్డ మనిషిని గుద్ది పెనాల్టీ తెచ్చాడు. 2010లో క్లీవ్‌లాండ్ ఆటగాణ్ని తలకు తగిలేలా కొట్టినందుకు 75,000 డాలర్ల జరిమానా వేస్తే, అలిగి ఆట మానేస్తానని బెదిరించి, మర్నాడో ఎప్పుడో తిరిగొచ్చాడు. 2011లో ఒక మ్యాచ్ నిషేధం కూడా పడింది. ఇక్కడి అభిమానులు పక్షపాతం అంటారు గానీ నేను ఒప్పుకోను, ఆ దెబ్బ తిన్నవాడి తల తలకాదా?

చివరి ముచ్చట చేదు. 2017 డిసెంబరులో, 39 ఏళ్ల వయసులో స్టీలర్స్ ఇంకోసారి తీసేశారు. వాడు ఏం చేశాడనుకున్నావ్? రోజుల్లోనే వెళ్లి న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌లో చేరాడు! ఇక్కడివాళ్లకు ఆ టీమ్ పేరెత్తితేనే ఒళ్లు మంట. మా పక్కింటాయన 92 నంబరు చొక్కాతో వారం రోజులు కారు తుడిచాడు, ఒట్టు. ఏళ్ల తరబడి గోడకు వేలాడదీసుకున్న చొక్కా అది. ఆ సీజన్ సూపర్‌ బౌల్‌లో పేట్రియాట్స్ ఓడిపోయారు, 2018 ఏప్రిల్‌లో హారిసన్ ఆట మానేశాడు. మొన్న చూస్తే ఆ చొక్కా ఉతికి మళ్లీ గోడకెక్కింది, నేనేమీ అడగలేదు.

ఆ పరుగు వీడియో లింక్ పంపిస్తున్నా, చివరి రెండు సెకన్లు ఆపి ఆపి చూడు. బంతి ముందు గీత దాటిందా, ఒళ్లు ముందు నేలకు ఆనిందా అని అంపైర్లు కూడా రీప్లే వేసుకుని చూశారు. మన పదో తరగతి కబడ్డీ ఫైనల్‌కి రీప్లే లేకపోవడం నీ అదృష్టం. నీ వేలు గీతకు అందలేదనే నేను ఇప్పటికీ అంటాను.

నీ
రవి